వాద్యనిగ్రహము: ‘లెట్ ఇట్ బీ’ పాటలోని రెండు గిటారు పాఠములు

1970వ సంవత్సరము మార్చి 6వ తేదీన ఇంగ్లండునందు బీటిల్సు బృందమువారి ‘లెట్ ఇట్ బీ’ అను పాట చిన్న రికార్డుగా వెలువడినది. ఆ పాటయే మే 8వ తేదీన అదే పేరుగల పెద్ద రికార్డులో మరల వెలువడినది. రెండింటను సాహిత్యమొక్కటే. ప్రధానగానమును, పియానో నడకయు 1969 జనవరి 31వ తేదీన పట్టిన మూలమునుండి గ్రహింపబడినవే. కాని పాట నడుమ గాయకుడు మౌనము వహింపగా గిటారు ముందునకు వచ్చు ఘట్టము మాత్రము రెండు రికార్డులయందు రెండు విధములుగ నున్నది. వాయించినవా డొక్కడే, జార్జి హారిసను. కేటాయించిన చోటొక్కటే. క్రిందనుండి మోయు స్వరసంపుటులును అవియే. అయినను ఒక పాఠమునకు అలవాటుపడిన చెవి రెండవదానిని వినినపుడు పాట యర్థమే కొంత మారినట్లు తోచును.

మన పరిష్కర్తలకు పాఠభేదవిచారము క్రొత్త కాదు. తాళపత్రప్రతులయందు భేదములు కానవచ్చినపుడు లేఖకప్రమాదమేది, ప్రక్షిప్తమేది, కవి వ్రాసినదేది యని విచారింతుము. ప్రస్తుతవిషయమున అట్టి సందేహమునకు తావు లేదు. రెండును ప్రామాణికములే, రెండును ఒకే వాద్యకారునివే. కావున ‘ఏది మూలపాఠము’ అను ప్రశ్న తొలగి, ‘ఏది ఉచితపాఠము, ఏ హేతువుచేత’ అను ప్రశ్న మిగులుచున్నది. ఇది శుద్ధముగ విమర్శకుని ప్రశ్న. దీనికి సమాధానము వెదకునపుడు రాక్ సంగీతమును గూర్చి తరచుగ వినవచ్చు ‘నిగ్రహము’ అను మాటకు సరియైన యర్థమేదియో తేలునని మా నమ్మకము. ఈ వ్యాసమున మేము చేయబూనినది ఆ యర్థనిర్ణయమే.

పస్తును ఉపవాసమును

రాక్ సంగీతబృందమున సామాన్యముగ రెండు మూడు గిటారులును, డ్రమ్ములును, గానమును ఉండును. పాటలో ఒకచోట గానమాగి ఒక్క గిటారు ప్రధానమై వినవచ్చు భాగమును ‘సోలో’ అందురు. ఆ మాటనే మేమును వాడుచున్నాము. విద్యుద్గిటారు పుట్టినది మొదలు సోలోకు రెండు శక్తులు సిద్ధించినవి. మొదటిది గట్టిదనము, ఆరు తీగల వాద్యము డ్రమ్ములను మించి మ్రోగగలదు. రెండవది నిలుకడ, మీటిన స్వరము వెంటనే చావక కంఠస్వరమువలె సాగగలదు. మెట్టుపై తీగను ప్రక్కకు లాగి స్వరమును పైకి జరుపుటచే దానికి ఏడ్పు, అఱపు, మూల్గు అన్నియు అబ్బినవి. ఇట్టి శక్తి చేతికి చిక్కినపుడు వాద్యకారుడు మితముగ నుండుట కష్టము.

1968లో వెలువడిన క్రీమ్ బృందమువారి రికార్డులో ‘స్పూన్‌ఫుల్’ అను పాట సభయందు వాయించిన రూపమున పదునారు నిమిషములకు పైగా సాగినది. అందు పాట ఎత్తుగడ మాత్రమే. తక్కినదంతయు ముగ్గురు వాద్యకారుల మనోధర్మము. దీనిని దోషమనుట మా యుద్దేశము కాదు. విస్తారమైన రాగాలాపనను విని ‘కృతి యెప్పుడు మొదలగునో’ యని విసుగుకొనువాడు రసికుడు కాడు. మనోధర్మమునకు దాని ధర్మము దానికున్నది. కాని మూడు నిమిషముల పాటయందు, సాహిత్యమున కొక భావమును, ఆ భావమున కొక గమ్యమును ఉన్నచోట, సోలో యొక్క ధర్మము వేఱు. ప్రబంధమున వర్ణన యెట్టిదో పాటయందు సోలో అట్టిది. వర్ణన లేని ప్రబంధము వెలవెలబోవును. కథను మరపించిన వర్ణనయు కథకు చేటే.

హారిసను సోలోలు ఈ రెండవ కోవకు చెందినవి. అవి పొట్టివి, పాడుకొనుటకు వీలైనవి, ఒకసారి వినిన శ్రోతకు పాటతోపాటు జ్ఞాపకముండునవి. వీనిని మెచ్చుకొనువారు ‘నిగ్రహము’ అందురు. ఒప్పుకొననివారు మరొక మాట యందురు. హారిసను అప్పటికప్పుడు కల్పించి వాయించుటలో చురుకైనవాడు కాడనియు, సోలోను ముందుగ నాలోచించి కూర్చుకొనువాడనియు, కావున ఆతని పొదుపు గుణము కాదు, లేమి యనియు వారి వాదము. ఇది తోసిపుచ్చదగిన వాదము కాదు. తిండి లేక పస్తున్నవానిని ఉపవాసము చేసినాడని పొగడుట మర్యాద కావచ్చునుగాని విమర్శ కాదు. పస్తునకును ఉపవాసమునకును కడుపు ఒకే రీతిగ ఖాళీ. భేదము ఎదుట విస్తరి ఉన్నదా లేదా యనుటలోనే యున్నది. కనుక హారిసను ఎదుట విస్తరి యెప్పుడు పడినది, పడిన తరువాత ఆతడేమి చేసెను అని చూడవలెను.

సాధనసంపత్తి

బీటిల్సు తొలి పెద్ద రికార్డులోని పది పాటలు 1963 ఫిబ్రవరి 11వ తేదీన ఒక్కదినమున పట్టబడినవి. రెండు ట్రాకుల టేపుపై పట్టుటచే ఒకరి తరువాత నొకరు నిదానముగ చేర్చుటకు, మార్చుటకు ఎక్కువ వీలు లేదు. పాట రెండు మూడు నిమిషములు మించరాదనుట ఆనాటి చిన్న రికార్డుల ఆచారము. ఈ కాలపు సోలోలు పొట్టివగుట కెవ్వరిని పొగడవలసిన పని లేదు. అది పస్తు.

1963 అక్టోబరునుండి నాలుగు ట్రాకుల యంత్రము వచ్చినది. 1965 డిసెంబరున వెలువడిన ‘నోవేర్ మాన్’ పాటయందలి సోలోను గమనింపుడు. దానిని హారిసను, జాన్ లెనను ఇద్దరును ఒకే రకపు గిటారులపై ఒకే స్వరములు కలిసి వాయించిరి. ఇద్దరు వాద్యకారులున్నచోట సంవాదము కల్పించుట సులభము. ఇచ్చట ఇద్దరును కలిసి ఒక గొంతుకయైరి. సోలో ముగింపున తీగపై వ్రేలు తేలికగ నుంచి మీటగా పుట్టు గంటవంటి ఒక్క స్వరము వినవచ్చును. చెప్పదలచిన దంతయు ఆ గంటతో ముగిసినది. ఇది సాధనములు తక్కువయై పుట్టిన పొదుపు కాదు. ఇద్దరి శక్తిని ఒక స్వరమున కూర్చిన కల్పన.

1966లో హారిసను మన దేశమునకు వచ్చి పండిత రవిశంకరునొద్ద సితారు నభ్యసించెను. కొన్ని యేండ్లలోనే ఆ వాద్యమున ప్రథమశ్రేణి విద్వాంసుడగుటకు జీవితకాలము చాలదని గ్రహించి మరల గిటారునకు వచ్చెను. గంటలకొలది సాగు మనోధర్మసంగీతమును దగ్గరనుండి చూచినవాడు దానిని అనుకరించి తన పాటలను సాగదీయలేదు. ఆ విద్య యెంత సాధనను కోరునో యెఱిగినవాడే దాని జోలికి పోకుండుట వింత కాదు.

1968 నాటికి ఎనిమిది ట్రాకుల యంత్రమును వచ్చినది. బీటిల్సువారి పాటలు నాలుగు, ఐదు, ఏడు నిమిషములు సాగుటకు అభ్యంతరము చెప్పువారును లేకపోయిరి. విస్తరి పడినది. 1969లో హారిసను రచించిన ‘సంథింగ్’ పాట చరిత్ర ఇచ్చట సాక్ష్యము. మొదట పట్టిన రూపమున ఆ పాట తుదిలో వాద్యములు చాలసేపు సాగి మొత్తము దాదాపు ఎనిమిది నిమిషములుండెను. తుదకు వెలువడిన రూపము సుమారు మూడు నిమిషములు. తక్కినది కోసివేయబడినది. అందలి గిటారు సోలోను ఆగస్టు 15వ తేదీన, తీగవాద్యముల బృందము వాయించుచుండగనే, వారితోపాటు హారిసను వాయించెను. ఆ సోలో చరణము నడచిన బాటలోనే నడచును. గాయకుడు పలికి విడిచిన పలుకును గిటారు మెల్లగ నెత్తుకొని, కొంచెము పైకి తీసికొనిపోయి, మరల గాయకునికే అప్పగించును. ఎనిమిది నిమిషములు చేతనుంచుకొని మూడు నిమిషములు చాలునన్నవానిని పస్తున్నవాడనుట న్యాయము కాదు.

నిగ్రహ మెవ్వరిది?

ఇంతవరకు చెప్పినదానితో విచారము ముగిసినచో సులభముగ నుండెడిది. కాని ఒక చిక్కున్నది. నిగ్రహమును పొగడునపుడు అది ఎవరి నిగ్రహమో, ఎవరిచే నియమింపబడినదో విచారింపక పొగడుట ప్రమాదము.

1968లో ‘హే జూడ్’ పాటను సిద్ధపఱచునపుడు గాయకుని ప్రతి పలుకు తరువాతను గిటారుతో ప్రత్యుత్తర మీయవలెనని హారిసను ఊహించెను. పాట రచించిన పాల్ మాకార్ట్నీ వలదనెను. తరువాతి కాలమున ఆ సంగతిని మాకార్ట్నీయే పలుమారులు చెప్పియున్నాడు. పాటను వినిన మనకు వలదనుట సరియేనని తోచును. ఆ పాటయందు పలుకు తరువాతి నిశ్శబ్దము పలుకంత విలువైనది. కాని వలదనిపించుకొన్నవాని మనస్సున నది ముల్లుగ నిలిచినది. 1969 జనవరి 6వ తేదీన చలనచిత్రపు కెమేరాల యెదుట ఇరువురకును మాట పట్టింపు వచ్చినపుడు, మీరు వాయింపుమన్నది వాయింతును, వలదన్నచో వాయించుటయే మానుదునని హారిసను చెప్పిన తాత్పర్యము నేటికిని చిత్రమున వినవచ్చును. నాలుగు దినముల తరువాత, జనవరి 10న, ఆతడు బృందమును విడిచి వెళ్లెను. ఆ నెలలోనే తిరిగివచ్చెను. వచ్చిన కొలది దినములకే, 31వ తేదీన, ‘లెట్ ఇట్ బీ’ మూలము పట్టబడినది.

కాబట్టి ఒక మాట స్పష్టముగ చెప్పవలెను. ఒకని నోరు మూయించి ఆ మౌనమును సంయమమని కీర్తించుట విమర్శకునకు తగదు. నిగ్రహము స్వేచ్ఛగలవాని గుణము. ఐననూ ‘హే జూడ్’ ఉదంతము మనకు మరొక సంగతిని తెలుపుచున్నది: పాటయొక్క నిగ్రహమును ఒంటరి వాద్యకారుడు నిర్ణయింపలేడు. గిటారు మౌనము విలువ గానమువలన తెలియును. గానము విలువ డ్రమ్ములు ఆగినచోట తెలియును. ఒకరి మితము ఇంకొకరికి చోటు. అట్లయినచో నిగ్రహమును కొలుచుటకు వాద్యకారుని చేతివ్రేళ్లను చూచుట చాలదు. బృందమంతటిని వినవలెను.

1968 సెప్టెంబరు 6వ తేదీన హారిసను చేసిన పని ఈ దృష్టితో చూడదగినది. ‘వైల్ మై గిటార్ జెంట్లీ వీప్స్’ అను తన సొంతపాటయందు సోలో వాయించుటకు ఆతడు స్నేహితుడైన ఎరిక్ క్లాప్టనును పిలిచెను. క్రీమ్ బృందమున పదునారు నిమిషములు వాయించిన విద్వాంసు లలో నొకడు ఈతడే. పాట పేరునందే గిటారున్నది. అట్టి పాటలో తన చోటును వేఱొకనికిచ్చెను. అంతటితో నాగక, ఆ ధ్వని అతిథివిద్వాంసుని ధ్వనివలె గాక బృందధ్వనివలె నుండవలెనని యంత్రసాహాయ్యమున స్వరము కొంచెము వణకునట్లు మార్చిరి. రికార్డుపై క్లాప్టను పేరు లేదు. సోలో గొప్పదే, కాని అది పాటకు లోబడిన గొప్పతనము.

పాఠద్వయ పరిశీలనము

ఇప్పుడు మూలవిషయమునకు వత్తము. ‘లెట్ ఇట్ బీ’ రచనకు ప్రేరణ మాకార్ట్నీ కన్న కల. ఆతని తల్లి మేరీ 1956లో, ఆతనికి పదునాలుగేండ్ల ప్రాయమున, మరణించెను. బృందము చీలిపోవుచున్న దినములలో ఆమె కలలో కనబడి ఓదార్చినట్లు ఆతడు చెప్పెను. కావున పాటయందు రెండు గొంతుకలున్నవని గ్రహింపవలెను. ఒకటి కష్టమున నున్నవానిది, రెండవది ఓదార్చుదానిది. పాడువాడొక్కడే యైనను, చరణమున మొదటివాని దుఃఖము, పల్లవియందు రెండవదాని మాట వినవచ్చును. సోలో ఈ రెండు గొంతుకలలో దేనికి చెందవలెను? పాఠభేదమునకు మూలమిదియే.

ప్రథమపాఠము 1969 ఏప్రిల్ 30వ తేదీన పట్టబడినది. గిటారు ధ్వనిని లెస్లీ అను పెట్టెగుండ పంపిరి. ఆ పెట్టెలో శబ్దమును వెదజల్లు భాగము తిరుగుచుండును. అందుచే స్వరము నీటిపై నీడవలె కదలును. ఈ పెట్టె మొదట హామండు ఆర్గానుకొఱకు రూపొందినది. ఇది అప్రధానమైన సాంకేతికవిషయము కాదు. పాటలో సోలోకు సరిగా ముందు బిల్లీ ప్రెస్టను ఆర్గాను మెట్లు దిగినట్లు స్వరములను దించుచు వినవచ్చును, చర్చి ప్రార్థనను స్ఫురింపజేయుచు. దాని వెనువెంటనే వచ్చు గిటారునకు ఆర్గాను ఛాయ యుండుటచే, సోలో ఎచ్చటనుండియో వచ్చి మీదపడినట్లు గాక, ఆర్గానునుండియే పుట్టినట్లుండును. చరణము నిడివియే దాని నిడివి. చరణమునకు ఆధారమైన స్వరసంపుటులే దానికిని ఆధారము. స్వరములు ప్రధానముగ ఐదు. మన పరిభాషలో చెప్పవలెనన్నచో మోహనరాగమున వచ్చు సరిగపదలు. ఇది స్వరస్థానముల పోలికయే గాని రాగసాదృశ్యము కాదు. గమకములేని చోట రాగమును వెదకరాదు. ఈ పాఠమున గిటారు ఓదార్చుదాని పక్షమున నున్నది. గాయకుడు ఊపిరి తీసికొనునంతసేపు ఆమె మాటను అది అందుకొన్నట్లుండును.

ద్వితీయపాఠము 1970 జనవరి 4వ తేదీన పట్టబడినది. ఆ దినమున లెనను లేడు. తక్కిన మువ్వురే పనిచేసిరి. ఈసారి గిటారు ధ్వని గరుకైనది, అంచు వాడియైనది. స్వరసముదాయము చాలవఱకు మునుపటిదే; ఎత్తుగడయందును ముగింపునందును దూరపు చుట్టరికము కానవచ్చును. ముఖ్యభేదము స్వరముల సంఖ్యలో లేదు. స్వరమును విడుచు తీరునందున్నది. మొదటి పాఠమున స్వరము తనంత తాను కరగును; రెండవదానిలో తెగును. ఆర్గాను శాంతించిన మరుక్షణమున ఈ గిటారు చీల్చుకొని వచ్చును. ఇది ఓదార్చుదాని గొంతుక కాదు. కష్టమున నున్నవాడు, ఓదార్పు విని కూడ ఆగలేక ఏడ్చిన ఏడ్పు.

ఇంతవరకు చూచిన రెండు పాఠములును సమర్థింపదగినవే. రెండవదానిని కేవలము ఆడంబరమని త్రోసివేయుట మాకు సమ్మతము కాదు. బాధ లేనిదే ఓదార్పునకు విలువ యేమున్నది? ఆ యేడ్పునకు పాటయందే హేతువున్నది. కనుక సోలోను సోలోగా మాత్రమే విడదీసి తూచినచో తీర్పు చెప్పుట సాధ్యము కాదు. తరువాత నేమి జరుగుచున్నదో చూడవలెను.

సోలో ముగియగనే రెండు రికార్డులయందును పల్లవియే వచ్చును. ప్రథమపాఠమున ఆ పల్లవి మునుపు వచ్చిన యెత్తుననే రాగలుగుచున్నది; సోలో దానికి దారి చేసి తప్పుకొనినది గదా. ద్వితీయపాఠమున అట్లు కుదరదు. అంత వాడియైన ఏడ్పునకు వెనువెంటనే వచ్చు ఓదార్పు మునుపటి మెత్తదనముతో వచ్చినచో వినబడదు. అది తానును గొంతు పెంచవలెను. పెద్ద రికార్డును 1970 మార్చి, ఏప్రిల్ నెలలలో సిద్ధపఱచిన ఫిల్ స్పెక్టరు ఈ యవసరమును బాగుగనే గుర్తించినాడు. ఆతడు ఇత్తడివాద్యములను ముందునకు తెచ్చెను. డ్రమ్ములకు మారుమ్రోత చేర్చెను. చివరి పల్లవిని పొడిగించెను. ఒక్కొక్కటి విడిగ చూచిన ఆడంబరముగ తోచు ఈ మార్పులన్నియు ఆ సోలో వెంట తప్పక రావలసినవి. ఒకచోట వదలిన పగ్గము వేఱొకచోట బండిని లాగినది. తుదకు పాట ఓదార్పుగ గాక విజయఘోషగ ముగియుచున్నది. తల్లి చెవిలో చెప్పిన మాట సభలో చాటింపైనది.

కావున మేము చేరిన నిర్ణయమిది: సోలోయందలి నిగ్రహమును దాని నిడివిచేతను, స్వరసంఖ్యచేతను కొలువరాదు. తన వెనుక వచ్చుదానిని అది ఏమి చేయ నిర్బంధించుచున్నదో దానినిబట్టి కొలువవలెను. వెనుక వచ్చుదానిని స్వేచ్ఛగ నుండనిచ్చు సోలో నిగ్రహము గలది. వెనుకవానిని గొంతు పెంచుకొనునట్లు చేయు సోలో ఎనిమిది స్వరములదైనను నిగ్రహము లేనిదే. ఈ కొలతచే మార్చి పాఠము ఉచితతరమని మా యభిప్రాయము.

ఈ నిర్ణయమునకు ఒక బాహ్యసాక్ష్యమును కలదు. ద్వితీయపాఠము పట్టబడిన జనవరి 4వ తేదీననే, నిర్మాత జార్జి మార్టిను ఆధ్వర్యమున చిన్న రికార్డు మిశ్రమము సిద్ధమైనది. అనగా రెండు పాఠములును చేతనుండగా మొదటిదానిని ఏరుకొనిరి. ఆ దినమున చేర్చిన ఇత్తడివాద్యములను కూడ వెనుకకు నెట్టి ఉంచిరి. విస్తరి యెదుటనున్నది, వడ్డనయు జరిగినది, తినలేదు. పస్తును ఉపవాసమును వేఱుపఱచుటకు ఇంతకంటె స్పష్టమైన సందర్భము దొరకుట యరుదు.

లక్షణవిచారము

ఔచిత్యమే రసకావ్యమునకు ప్రాణమని పదునొకండవ శతాబ్దిలో క్షేమేంద్రుడు ప్రతిపాదించెను. అంతకు పూర్వమే ఆనందవర్ధనుడు రసభంగమునకు అనౌచిత్యమును మించిన కారణము లేదని నిరూపించెను. ఈ సిద్ధాంతమును విద్యార్థులు తరచు ‘ఎక్కువ కారాదు’ అను నిషేధముగ నర్థము చేసికొందురు. అది పొరపాటు. ఔచిత్యమనగా అల్పత్వము కాదు, సంబంధము. హారము కంఠమున శోభించును, నడుమున శోభింపదు. హారము పెద్దదా చిన్నదా యను ప్రశ్న తరువాతిది. వాద్యనిగ్రహమును ఇట్లే చూచినచో, తక్కువ వాయించువాడెల్ల సంయమియనియు ఎక్కువ వాయించువాడెల్ల డంబాచారియనియు భ్రమపడు అవస్థ తప్పును.

మన కర్ణాటకసంగీతమున దీనికి దగ్గఱ పోలిక చిట్టస్వరము. అది ముందుగ కూర్చబడినది; కృతిలో నియతస్థానమున వచ్చును; సాహిత్యము లేకయే కృతిభావమును మోయును; తుదకు పల్లవి యెత్తుగడకు చక్కగ వచ్చి చేరును. దానిని పాడువానిని ‘మనోధర్మము లేదు’ అని ఎవ్వరును ఆక్షేపింపరు. అది కల్పితసంగీతమున భాగమని యెఱుగుదురు. హారిసను సోలోలను క్లాప్టను సభావాదనముతో పోల్చి తక్కువచేయుట చిట్టస్వరమును రాగాలాపనతో తూచుటవంటిది. తూనిక తప్పు.

నిగ్రహము బృందధర్మమను మా వాదమునకు 1969 సెప్టెంబరున వెలువడిన ‘ఆబీ రోడ్’ రికార్డులోని ‘ది ఎండ్’ మరొక దృష్టాంతము. అందు మువ్వురు గిటారువాద్యకారులు, మాకార్ట్నీ, హారిసను, లెనను, ఆ క్రమముననే రెండేసి ఆవర్తములు వాయించి మరల మొదటివానికి వత్తురు. ఇట్లు మూడు మార్లు. మొత్తము పదునెనిమిది ఆవర్తములు. ఇందు ధ్వని గరుకైనదే. ఉత్సాహము పరవళ్లు త్రొక్కునదే. అయినను అది నిగ్రహము కలిగిన సంగీతము. ప్రతివాడును రెండావర్తముల పిమ్మట తన చోటును వేఱొకనికి విడువవలెను, విడిచెను. సోలోలయందు విముఖుడైన డ్రమ్ములవాద్యకారుడు రింగో స్టారు బీటిల్సు రికార్డులన్నింటిలో వాయించిన ఒకే ఒక సోలో ఇచ్చటనే యున్నది. ఏడెనిమిదేండ్లు వెనుకనుండి మోసినవాడు చివరి ఘట్టమున ఒక్కసారి ముందునకు వచ్చుటచే కలుగు పులకింత, అన్నియేండ్ల మౌనము ఫలము.

ఉపసంహారము

పూర్వపక్షులు ఇంకను ఒక ప్రశ్న వేయవచ్చును. ఇంతయు బృందమున నున్నపుడు సంగతి; అడ్డుచెప్పువారు లేనపుడు హారిసను ఏమి చేసెను? బృందము విడిపోయిన 1970 సంవత్సరము నవంబరుననే ఆతడు ‘ఆల్ థింగ్స్ మస్ట్ పాస్’ అను మూడు రికార్డుల సంపుటమును వెలువరించెను. అందు మొదటి రెండు రికార్డులయందు పాటలున్నవి. అచ్చటి గిటారు మునుపటివలెనే పాటకు ఒదిగియున్నది. నున్నని కడ్డీతో తీగపై జారుచు వాయించు క్రొత్త పద్ధతి యలవడినను అది గానమునకు ప్రక్కనే నడచుచున్నది. మూడవ రికార్డునందు మాత్రము స్నేహితులతో కలిసి తీరుబడిగ వాయించిన దీర్ఘవాదనములున్నవి. అనగా విస్తారముగ వాయించు కోరిక ఆతనికి లేకపోలేదు. దానిని తీర్చుకొనుటకు వేఱుచోటు నేర్పఱచెను, పాటలమీద తీర్చుకొనలేదు. వేయినొక్క వాదములకంటె ఈ సంపుటము కూర్పే గట్టి సమాధానము.

పరిశోధక విద్యార్థులకు మేము సూచింపగోరునది యొక్కటి. రికార్డుపై నిలిచిన పాటయు పాఠమే. దానికిని ప్రతులున్నవి, భేదములున్నవి, విడిచిపెట్టిన పాఠములున్నవి. మన జానపదగేయముల రికార్డులను, రంగస్థలపద్యముల రికార్డులను, చలనచిత్రగీతములను ఈ దృష్టితో పరిశీలింపవలసి యున్నది. హార్మోనియము నటునికి ఎచ్చట చోటిచ్చినది, ఎచ్చట త్రోసికొని వచ్చినది, వచ్చినపుడు తరువాతి పద్యపాదము ఏ శ్రుతిన ఎత్తుకొనబడినది అని వినినచో, సాహిత్యమును మాత్రమే చదివి చెప్పలేని సంగతులు కొన్ని తేలగలవు.

హారిసను 2001 నవంబరు 29వ తేదీన మరణించెను. ‘లెట్ ఇట్ బీ’ రెండు పాఠములును నేటికిని లభ్యములు. చదువరులు రెండింటిని వెంటవెంట వినుడు. సోలోను గాక, అది ముగిసిన పిమ్మట వచ్చు పల్లవి మొదటి పలుకును చెవియొగ్గి వినుడు. ఒకదానిలో నది పలుకుగ నున్నది. రెండవదానిలో కేకగ నున్నది. ఆ భేదమును చేసినది అంతకు క్షణము ముందు ఆగిన గిటారు.